ఖతర్నాక్ అంటే తిట్టు కాదురా బాబూ
నెల రోజులుగా సైనిక్‌పురి రూమ్‌లో కూర్చుని బిర్యానీ రివ్యూలు పాజిటివా నెగెటివా చెప్పే ఏఐ మోడల్‌తో కుస్తీ పడుతున్నా. రెడీమేడ్‌ది పెట్టి చూస్తే "ఖతర్నాక్ ఉందన్నా, ఘాటుకి కళ్లలో నీళ్లొచ్చాయి" అన్నదాన్ని నెగెటివ్‌లో పడేసింది. పాపం, దానికేం తెలుసు! సరే అని గూగుల్ వాళ్లు భారతీయ భాషల కోసం చేసిన మ్యూరిల్ అనే మోడల్ తీసుకున్నా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు కూడా దానికి ముందే నేర్పారు కాబట్టి.

అసలు తలనొప్పి లేబుల్స్ దగ్గర, అంటే మోడల్‌కి నేర్పడానికి ఒక్కో రివ్యూకి పాజిటివ్, నెగెటివ్ అని మనం ముందే గుర్తు పెట్టడం దగ్గర. "ముక్క మెత్తగా ఉంది, రైస్ మాత్రం ముద్ద" అంటే నాకు నెగెటివ్, మా బావకి పాజిటివ్, ముక్క బాగుంటే చాలంట ఆయనకి! చివరికి ముక్కకొకటి, రైస్‌కొకటి లేబుల్ పెట్టాం.

పొగడ్తలే ఎక్కువున్న డేటాలో అన్నిటికీ పాజిటివ్ కొట్టినా యాక్యురసీ ఘనంగానే కనిపిస్తుంది, అందుకే పాజిటివ్‌కీ నెగెటివ్‌కీ విడివిడిగా స్కోరు లెక్కేసి సగటు తీసే మాక్రో ఎఫ్1 చూస్తున్నా. "సూపర్ సర్వీస్, రెండు గంటల్లోనే తెచ్చారు" లాంటి వెటకారం దగ్గర మాత్రం ఇంకా బోల్తా పడుతూనే ఉంది.