విశ్రాం మాస్టారి ఎడమ చెవి

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచికకి రెండు పేజీలు రాయరా అని కమిటీ పేరు చెప్పి పుల్లయ్య నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాకు ఎనిమిదీ తొమ్మిదీ అసలు గుర్తే లేవు, లెక్కల మాస్టారి గురించి ఎలాగూ బుడంకాయ రాస్తాడు, కాబట్టి నాకు మిగిలింది మన విశ్రాం మాస్టారే.

ఎండలో అరగంట సావధాన్‌లో నిలబెట్టి విశ్రాం చెప్పడం మర్చిపోయే ఆ పెద్దమనిషిది మిలటరీ మాధవరం అనీ, 1971 యుద్ధంలో ఆర్టిలరీలో ఉన్నారనీ మనందరికీ తెలుసు. తెలిసి చేసిన ఘనకార్యం, ఆయన ఎడమవైపు చేరి కూతలు కూయడం. ఆయన గింజ వెతికే కోడిలా మెడ వంచి, కుడిచెవి ముందుకి పెట్టి "ఏంట్రా?" అంటే మా వరసంతా పడీపడీ నవ్వేది.

డిసెంబర్ 7 సాయుధ దళాల జెండా దినం, సైనికుల కుటుంబాల కోసం చందాలు పోగుచేసే రోజు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల కాగితం జెండాలు గుండుసూదులతో సహా తలా పదిచ్చి, పావలాకొకటి అమ్ముకు రమ్మనేవారు. పదో తరగతిలో నాకొచ్చిన రెండున్నరలో ఒక రూపాయి పుల్ల ఐసులకి తగలేశాను (పుల్లయ్యా, నీకూ వాటా ఉంది). మాస్టారు చిల్లర రెండుసార్లు లెక్కపెట్టారు. నా వంక చూడకుండా జేబులోంచి రూపాయి తీసి డబ్బాలో వేసి, రిజిస్టర్‌లో నా పేరు పక్కన మొత్తం రెండున్నరా రాసేశారు. నాలుగు తగిలించినా బాగుండేది.

ఇప్పుడు బ్యాంకులో మేనేజర్ని. నవంబర్ వస్తే లైఫ్ సర్టిఫికెట్ల కోసం మాజీ సైనికులూ, వాళ్ల భార్యలూ వస్తారు. నా బ్రాంచిలో వాళ్లని క్యూలో నిలబెట్టం, కుర్చీ వేసి ఫారం మేమే నింపుతాం. ఆ ఒక్క విషయంలో కాస్త గర్వమే. మూడేళ్ల కిందట అలా కూర్చున్న ఒకావిడ కాగితాల్లో మన మాస్టారి పేరు! శిష్యుణ్ణని చెప్పుకున్నాను.

"జెస్సోర్ దగ్గర రాత్రంతా ఫిరంగులు పేల్చారట బాబూ, దూది కుక్కుకున్నా ఆ చెవి పోయింది" అన్నారు. "మా పిల్లకాయలు తెలివైనవాళ్లే, ఎడమవైపే వాగుతారు, కుడివైపైతే నేను కొట్టాలిగా అని నవ్వేవారు."

రూపాయి సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేకపోయాను.

సరే, ఆదివారం పొద్దున్న బస్సుకే వస్తున్నా. బుడంకాయా, నా కాంపాస్ బాక్స్ తీసుకురా.