చెవులు బాగానే ఉన్నాయట, మరి పిలిస్తే పలకడేం?

"మేడమ్, వినికిడి పరీక్షలో అంతా నార్మలే అన్నారు, కానీ వీడికి రెండుసార్లు చెబితే గానీ ఎక్కదు, క్లాసులో గోలగా ఉంటే అసలే ఎక్కదు" అంటూ వచ్చే తల్లిదండ్రులు మాలాంటి ఆడియాలజిస్టులకు (వినికిడి నిపుణులకు) కొత్త కాదు. వాళ్ల పిల్లల్లో కొందరికి అప్పటికే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని డాక్టర్ చెప్పి ఉంటారు. ఇప్పుడు ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ కూడా ఉందేమోనని టెన్షన్. చెవిలో పడ్డ మాటను మెదడు సరిగ్గా విడదీసుకోలేకపోవడం అన్నమాట.

చిక్కంతా పరీక్షలోనే ఉంది. బీప్ వినబడగానే బటన్ నొక్కే పరీక్ష శబ్దం వినిపిస్తోందా లేదా అన్నదే తేలుస్తుంది. ఆ తర్వాత మేం చేసేవాటిలో ఒకటి ఇలా ఉంటుంది: హెడ్‌ఫోన్ పెట్టి కుడి చెవిలో "రెండు, ఆరు", సరిగ్గా అదే సమయానికి ఎడమ చెవిలో "మూడు, ఐదు" వినిపిస్తాం, నాలుగూ తిరిగి చెప్పాలి. మాటల పని చాలామందిలో మెదడు ఎడమ సగానిది, కుడి చెవిలో పడ్డ మాట ముఖ్యంగా అటే వెళ్తుంది కాబట్టి చిన్నపిల్లల్లో కుడి చెవికి కాస్త ఎక్కువ మార్కులు రావడం మామూలే. ఎడమ చెవి ఆ వయసుకు ఉండాల్సిన దానికన్నా బాగా వెనకబడితే ప్రాసెసింగ్ సమస్యకు ఒక ఆధారం దొరికినట్టు. కానీ మొదట్లో అన్నీ కరెక్టుగా చెప్పి, పావుగంటకి కుర్చీ గిరగిరా తిప్పడం మొదలెట్టాక రెండు చెవుల్లోనూ తప్పులు పోతుంటే? నాలుగంకెలు గుర్తుపెట్టుకోవడానికే ధ్యాస కావాలి కదా!

2010లో బ్రిటన్‌లో డేవిడ్ మూర్ బృందం 6 నుంచి 11 ఏళ్ల పిల్లలు 1,469 మందిని పరీక్షిస్తే, వినడంలో ఇబ్బందులకు శబ్దాన్ని పట్టడంలో లోపం కన్నా ధ్యాస, జ్ఞాపకశక్తి లాంటివాటితోనే ఎక్కువ సంబంధం కనిపించింది. అంతకు ముందు 2000లో అమెరికాలో వచ్చిన ఓ చిన్న అధ్యయనంలో మాత్రం, రెండు సమస్యలూ ఉన్న పిల్లలకు ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మందు ఇస్తే ధ్యాస పరీక్షలో మెరుగయ్యారు, ప్రాసెసింగ్ పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ చదివితే తల గోక్కోవాల్సిందే.

అందుకే నా పద్ధతి: ఈ పరీక్షలు ఏడేళ్లు నిండాకే, పొద్దున పూట, డాక్టర్ రాసిన మందు రోజూ లాగే వేసుకుని రావాలి, మధ్యమధ్యలో విరామం ఇవ్వాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడికి విదేశీ యాసలో రికార్డు చేసిన ఇంగ్లిష్ మాటలు వినిపించి మార్కులు తగ్గాయంటే ఆ రిపోర్టును నేనైతే నమ్మను. ఏ పేరు పెట్టినా ముందు బెంచీలో కూర్చోబెట్టడం, టీవీ ఆపి మాట్లాడటం ఎలాగూ చేయాల్సినవే, వాటికి రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. రిపోర్టు చేతికొచ్చాక మాత్రం తక్కువ వచ్చిన పరీక్ష ఏ వరసలో, ఎంతసేపటికి చేశారో అడగండి. చివర్లో చేసిందైతే ఇంకోరోజు దాన్నే మొదట చేయమనండి, మొహమాటపడకండి.