కవచం బరువు మోయాల్సింది నడుము

నెల రోజులుగా పాలకొల్లులో మా షెడ్డు వెనక ఒకటే పని. 15వ శతాబ్దపు యూరప్ తరహాలో కొట్టించుకున్న ఉక్కు కవచాన్ని నా ఒంటికి సరిపడేలా సర్దుకుంటున్నాను. మొదటిసారి తొడుక్కుని కూర్చోగానే ఛాతీ పలక కింది అంచు పొత్తికడుపులోకి దిగింది, పై అంచు గొంతుకు తగిలింది. పలక పొడవైపోయింది. అది ప్యాంటు బెల్టు దాకా రాకూడదు, పక్కకి వంగితే ఒళ్ళు మడతపడే చోట, బొడ్డుకి కాస్త పైనే ఆగాలి. వెల్డింగ్ బాబాయ్‌కి చూపిస్తే "గీత గియ్యి అబ్బాయ్, కోసేద్దాం" అని రెండంగుళాలు తీసేసి, అంచు బయటికి మడిచాడు. వెంటనే ఊపిరి ఆడింది!

నిండు కవచం 15 నుంచి 25 కిలోలుంటుంది, అయినా అప్పటివాళ్ళు అది తొడుక్కుని గుర్రమెక్కేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, ఎందుకంటే బరువు ఒకచోట పడకుండా ఒళ్ళంతా పంచుకునేది. తొడ పలకల్ని భుజాల నుంచి వేలాడదీస్తే గంటలో మెడ పట్టేస్తుంది. లోపల దూది కోటు వేసుకుని, దాన్ని నడుము దగ్గర గట్టిగా బిగించి, పలకల్ని ఆ కోటుకే తాళ్ళతో కట్టాలి. కొలతలు కూడా ఆ కోటు మీదే తీసుకోవాలి, నేను బనీను మీద తీసుకుని తప్పు చేశాను.

మోచేతి దగ్గర రివెట్ కన్నాల్ని కొంచెం పొడవుగా అరగదీశాక రేకులు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి, ఇప్పుడు చెయ్యి ఎదుటి భుజాన్ని అందుకుంటోంది. మోకాలు ఇంకా పట్టేస్తోంది, గొంతుక్కూర్చోలేకపోతున్నాను. కాలువ గాలి తేమకి రాత్రికి రాత్రే తుప్పు, అందుకే విప్పగానే చెమట తుడిచి నూనె రాస్తున్నాను.