తెల్లబడిన వేళ్లు
మా పర్లాకిమిడి రాయి యార్డులో డ్రిల్లు పట్టే తమ్ముడికి చలి పొద్దుల్లో వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడేవి. "తిమ్మిరే అన్నియ్యా, పోతాది" అంటే నమ్మేశాను. డ్రిల్లు అదురుకే నరాలు, రక్తనాళాలు దెబ్బతిన్నాయని బరంపురంలో డాక్టర్ చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అమెరికాలో రాళ్లు చెక్కేవాళ్ల చేతుల్లో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ 1918లోనే ఇది చూశారు!

పనిలో ప్రమాదాలు రాసుకునే మా రిస్కు కాగితంలో దుమ్ము, చప్పుడు ఉన్నాయి, అదురు లేదు. ఇప్పుడు ఒక్కొక్కరు ట్రిగ్గర్ నొక్కిన నిమిషాలు రాస్తున్నాను. అదురు తీవ్రత (త్వరణం) సెకనుకు సెకనుకు 10 మీటర్లుంటే, బ్రిటన్ లెక్కలో రోజంతటి హద్దు 2 గంటలకే అయిపోతుంది. మావాళ్లు ఐదేసి గంటలు పట్టేవారు. అదురు పెంచే మొద్దుబారిన డ్రిల్లు బిట్లు తీయించాను. తమ్ముణ్ణి లోడింగ్ లెక్కలకి మార్చి, జీతం తగ్గించొద్దని యజమానితో పోట్లాడాను. చొక్కా గుండీ పెట్టుకోడానికి వాడింకా తడుముకుంటున్నాడు.