సౌండుకి ఇచ్చిన అవార్డు

ఆదివారం

పొద్దున ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టానో లేదో, పిన్ని ఫోన్. "అమ్మాయ్, సాయంత్రం అయిదున్నరకి టీవీ పెట్టుకోండి, వాడొస్తాడు." ఈ సంగతి వారం నుంచి ఫ్యామిలీ గ్రూపులో రోజూ పెడుతూనే ఉంది. పక్కన దండం పెట్టే బొమ్మ కూడా. అయినా మళ్ళీ నోటితో చెప్తేగానీ ఆవిడకి తృప్తి ఉండదు.

వాడంటే పిన్ని చిన్నకొడుకు. హైదరాబాద్‌లో ఒక సౌండ్ మిక్సింగ్ ఇంజనీరు గారి దగ్గర అసిస్టెంటు. ఆయనకి ఈ ఏడాది ఏదో ప్రైవేటు అవార్డు వచ్చింది. తీసుకోవడానికి వెళ్తూ మావాణ్ణి కూడా స్టేజీ ఎక్కించారట. పెద్దమనసు ఆయనది. ఫంక్షన్ జరిగి నెలపైనే అయింది, ఇవాళ్టికి టీవీలో వేస్తున్నారు. "ఎవరెవరికి వచ్చాయో ఆ రాత్రే ఇన్‌స్టాలో వచ్చేసింది కదమ్మా, ఇప్పుడు చూసేదేముంది?" అన్నాడు మా అబ్బాయి. ప్రోమోలో మాత్రం ఇంకా "ఉత్తమ నటుడు ఎవరు?" అని డప్పులు కొడుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం గోంగూర ఒలుస్తూ కూర్చుంటే హాల్లో తాతా మనవళ్ళు మొదలుపెట్టారు. మావయ్య గారికి అవార్డంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమాలకిచ్చిన నందే. మిగతావన్నీ చీరల కొట్టు ప్రారంభోత్సవాలు ఆయన లెక్కలో. 1964లో మొదలైంది, మొదటి బంగారు నంది 'డాక్టర్ చక్రవర్తి'కి ఇచ్చారు, ఉత్తమ చిత్రానికి బంగారం, రెండోదానికి వెండి, మూడోదానికి కాంస్యం. ఇదంతా ఆయన ఎక్కాలప్పజెప్పినట్టు చెప్తారు. ఉగాదికి లలిత కళా తోరణంలో ఇచ్చేవాళ్ళని, ఒకసారి పాస్ దొరికి వెళ్తే వెనక వరసలోంచి అక్కినేని తల మాత్రమే కనిపించిందని కూడా చెప్తారు. ఆ తల గురించి మేం చాలాసార్లు విన్నాం.

"మరి ఆ నంది చివరికి ఏమైంది తాతయ్యా?" అని మావాడు గిల్లాడు. 2017 నవంబరులో మూడేళ్ళవి, 2014, 15, 16వి, ఒకేసారి ప్రకటించారు. ఆ వారం ఈ ఇంట్లో జరిగిన గొడవ నాకింకా గుర్తే. మా ఆయన బాలకృష్ణ మనిషి. 2014కి 'లెజెండ్' ఉత్తమ చిత్రం, బాలయ్య ఉత్తమ నటుడు అనగానే ఆఫీసులో స్వీట్లు పంచి వచ్చారు. మా మరిది ముఖం మాడ్చుకుని రెండు రోజులు అన్నగారితో మాట్లాడలేదు. 'రుద్రమదేవి'ని మూడు ఉత్తమ చిత్రాల్లో ఒక్కదానికీ ఎందుకు తీసుకోలేదని దర్శకుడు గుణశేఖర్ బహిరంగ లేఖే రాశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నంది మళ్ళీ లేచి నిలబడలేదు.

తమాషా ఏమిటంటే, 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం హైటెక్స్‌లో గద్దర్ అవార్డులు ఇస్తూ వెనక పదేళ్ళకి కూడా ఉత్తమ చిత్రాలు ఎంచింది. అందులో 2015కి మొదటి స్థానం ఆ 'రుద్రమదేవి'కే. అదే ఏడాదికి నందివాళ్ళు ఉత్తమ చిత్రంగా ఎంచింది 'బాహుబలి'ని. సినిమాలు మారలేదు, జ్యూరీలో కూర్చున్నవాళ్ళు మారారు. దీనికి మరీ కుట్రలు వెతకక్కర్లేదని నాకనిపిస్తుంది. పదిమందిని గదిలో కూర్చోబెట్టి ఏ కూర బాగుందో చెప్పమంటే మాత్రం ఒకటే చెప్తారా?

కానీ అభిమానికి ఈ ముక్క ఎక్కదు. తన హీరోకి వస్తే "ఇన్నాళ్ళకి సరైన గుర్తింపు", పక్కవాడి హీరోకి వస్తే "లాబీయింగ్". 2023 ఆగస్టులో 'పుష్ప'కి అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. తెలుగు హీరోల్లో ఆ అవార్డు తీసుకున్న మొదటివాడు. మా అబ్బాయి బన్నీ ఫ్యాన్, ఆ సాయంత్రం మేడ మీద టపాకాయలు పేల్చి కింద వాటా వాళ్ళతో తిట్లు తినిపించాడు. అదే జాబితాలో 'ఆర్ఆర్ఆర్'కి ఆరు ఉన్నాయి. డాన్సుకి ప్రేమ్ రక్షిత్ అని టక్కున చెప్పాడు, నాటు నాటు పుణ్యమా అని. విజువల్ ఎఫెక్ట్స్ ఎవరికి వచ్చిందిరా అంటే తెల్లముఖం వేశాడు. శ్రీనివాస్ మోహన్. ఇవాళ మళ్ళీ అడిగాను, మళ్ళీ తెల్లముఖమే.

అయిదున్నరకి ముందే అందరం టీవీ ముందు చేరాం. పిన్ని వీడియో కాల్ చేసి ఫోన్ వాళ్ళ టీవీ వైపు తిప్పి పెట్టింది. మనింట్లోనూ అదే వస్తోంది పిన్నీ అన్నా వినలేదు. ముందు అరగంట కార్లు దిగడమే. తలుపు తెరుచుకోవడం, ముందు బూటు, తర్వాత మనిషి, స్లో మోషన్. తర్వాత ఒక హీరోయిన్ డాన్సు, స్పాన్సర్ల పేర్లు, యాంకర్లిద్దరి మధ్య జోకులు, మళ్ళీ ఇంకో డాన్సు. మా అబ్బాయి ఒకటి పట్టేశాడు. ముందు వరసలో ఒక హీరో విరగబడి నవ్వే షాట్ మూడు వేర్వేరు జోకులకి వేశారు. చేతిలో నీళ్ళ సీసా అలాగే ఉంది, పక్క కుర్చీలో ఆవిడ జుట్టు సవరించుకోవడం కూడా అలాగే ఉంది. ఇక ఆ తర్వాత మేం చూసింది అవార్డులని కాదు, ఆ సీసానే.

ఎనిమిది దాటింది. ఒక బ్రేక్ అయ్యాక సంగీతం మారింది, తెర మీద నీలం రంగు బ్యాక్‌గ్రౌండు వచ్చింది. "సాంకేతిక విభాగాల్లో విజేతలు" అని గొంతు. ఛాయాగ్రహణం, కూర్పు, కళ, సౌండు, ఫైట్లు, మేకప్... ఒక్కొక్కరి ఫోటో, పేరు, తెర చాలక ఇద్దరిద్దర్ని కలిపి. ఇంజనీరు గారి ఫోటో రావడం, పోవడం కూడా అయిపోయింది. ఆయన భుజం వెనక గీతల చొక్కా ఒకటి కొంచెం కనిపించింది. "అదుగో! అది వాడి చొక్కానే, నేనే కొన్నాను!" అని ఫోన్‌లోంచి పిన్ని అరుపు. మరుక్షణం వాషింగ్ పౌడర్ ప్రకటన.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. "రెండో భాగంలో పూర్తిగా వేస్తారేమోనే," అంది పిన్ని చివరికి. వచ్చే ఆదివారం రెండో భాగం ఉంది మరి.

నాకు ఒళ్ళు మండింది. మా ఆయన మాత్రం ఛానెల్ తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. "సౌండ్ ఇంజనీరు మాట్లాడితే నువ్వు చూస్తావు, పిన్ని గారు చూస్తారు. మిగతావాళ్ళు రిమోట్ నొక్కుతారు. టీఆర్పీ పోదూ?" పోతుందేమో. కానీ మూడు గంటల్లో నాలుగు డాన్సులు వేసినవాళ్ళకి, స్టేజీ మీదకి నడిచి వచ్చి మెమెంటో పుచ్చుకునే మనిషికి అర నిమిషం లేదంటే నమ్మమంటారా?

మనవాళ్ళ ఒక్కరి రోగమే కాదులెండి ఇది. 2022లో ఆస్కార్ వాళ్ళు కూడా ఇదే పని చేశారు. ఇరవై మూడు విభాగాల్లో ఎనిమిదింటిని లైవ్ మొదలవకముందే హాల్లో ఇచ్చేసి, వాటిని ముక్కలు చేసి మధ్యమధ్యలో అతికించారు. ఆ ఎనిమిదిలో సౌండు ఉంది, ఎడిటింగూ ఉంది. ఎడిటర్లకి ఇచ్చే అవార్డునే ఎడిట్ చేసి పారేశారన్నమాట. సినిమావాళ్ళంతా దుమ్మెత్తిపోస్తే మరుసటి ఏడాది అన్నీ లైవ్‌లోకి తెచ్చారు. మన నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన ఏడాది అదే. మార్చి 13 సోమవారం తెల్లవారుజామున కాఫీలు పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ స్టేజీ మీద పాడుతుంటే మావయ్య గారు లేచి నిలబడ్డారు. కీరవాణి గారు పాటలోనే మాట్లాడి దిగిపోయారు. ఆ రోజే అవార్డు అందుకున్న డాక్యుమెంటరీ 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' నిర్మాత గునీత్ మోంగా నోరు తెరిచేలోపు మ్యూజిక్ పెట్టి పంపించేశారు. ఆ సంతోషంలో మాకిది పట్టలేదు, తర్వాత పేపర్లో చదివాం.

2029 నుంచి ఆస్కార్లు యూట్యూబ్‌లోనే వస్తాయట. "యూట్యూబ్‌కి టైముతో పనేముందమ్మా, అందరివీ వేయొచ్చు," అన్నాడు మా అబ్బాయి. చూడాలి. టైము లేక కోస్తున్నారా, ఇష్టం లేక కోస్తున్నారా అన్నది అప్పుడు తేలిపోతుంది.

నాకైతే ఢిల్లీ జాతీయ అవార్డులు దూరదర్శన్‌లో వచ్చే పద్ధతే నచ్చుతుంది. బోరే, కాదనను. డాన్సుల్లేవు, జోకుల్లేవు, పేరు చదువుతారు, మనిషి నడిచి వస్తాడు, రాష్ట్రపతి చేతుల మీదుగా తీసుకుంటాడు, నమస్కారం పెట్టి వెళ్తాడు. కానీ పెద్ద హీరోకి ఎంత నడకో, పాట రాసినాయనకీ అంతే నడక. 2025 సెప్టెంబరులో 'బలగం'లో 'ఊరు పల్లెటూరు' పాటకి కాసర్ల శ్యామ్ గారి పేరు పిలిచినప్పుడు మధ్యలో ఎవరూ కత్తెర వేయలేదు. అక్కడా 2018లో తేడా చేయబోయారు. రాష్ట్రపతి పదకొండు మందికే ఇస్తారు, మిగతావాళ్ళకి మంత్రి ఇస్తారు అన్నారు. యాభైమందికి పైగా ఆ ఫంక్షన్‌కే వెళ్ళలేదు. ఆ రోజు పేపర్లో చదివి, ఎవరిస్తే ఏముంది, బిళ్ళ అదేగా అన్నారు మా ఆయన. పిన్ని గొంతు విన్నాక ఇవాళ మళ్ళీ ఆ మాట అనలేదు.

రాత్రి గిన్నెలు సర్దేసి పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. ఆదివారమైనా మిక్సింగ్ థియేటర్లోనే ఉన్నాడు, రిలీజు దగ్గర పడిందట.

"చూశావురా?"

"లేదక్కా, ఎక్కడ తీరింది? ఏం, వచ్చానా?"

"చొక్కా వచ్చింది."

పడీపడీ నవ్వాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. టెక్నీషియన్లని సాయంత్రం ఆరింటికే రమ్మన్నారట. వీళ్ళ అవార్డు ఇచ్చేటప్పటికి ముందు వరసలన్నీ ఖాళీ, సోఫాల మీద పేర్ల చీటీలే ఉన్నాయట. పెద్దవాళ్ళంతా తొమ్మిది దాటాక వచ్చారు.

"అయ్యో, మరి చప్పట్లు కొట్టేదెవరు?"

"చప్పట్లదేముందక్కా, అవి ఎలాగూ తర్వాత కలుపుతారు. ఇంతకీ కలిపినవి బాగున్నాయా? మరీ ఒకేలా వినపడ్డాయా?"

హీరో నీళ్ళ సీసా సంగతి చెప్పాను. సౌండ్ వాళ్ళ తప్పు కాదది, ఎడిటింగ్ వాళ్ళది అని వెంటనే తేల్చేశాడు. మెమెంటో సార్ ఆఫీసులో ఉందని, స్టేజీ మీద ఎవరో ఫోన్‌లో తీసిన ఫోటో ఒకటి తన దగ్గరుందని, అందులో తను కళ్ళు మూసుకున్నాడని చెప్పాడు. కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు, మీ అమ్మకి పంపు, ఫ్రేము కట్టిస్తుంది అన్నాను. సరేనన్నాడు. ఇంకా రెండు రీళ్ళు మిగిలున్నాయని ఎవరో పిలిస్తే పెట్టేశాడు.