అసుకా రైతు ఇంట్లో శని, ఆదివారాలు

జపాన్‌లో నారా ప్రిఫెక్చర్‌లో అసుకా అనే ఊరుంది. అక్కడ సొంత స్థలంలో షెడ్డు వేసుకోవాలన్నా, ఇంటి పైకప్పు మార్చుకోవాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. 1980లో ఈ ఊరి కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఊరు మొత్తం దాని కిందికే వస్తుంది. 6వ శతాబ్దం చివరి నుంచి దాదాపు వందేళ్లపాటు జపాన్ పాలకులు ఎక్కువకాలం ఉన్నది ఈ ప్రాంతంలోనే. వాళ్ల భవనాల, గుళ్ల ఆనవాళ్లు చాలావరకు ఇప్పటి వరి మళ్ల కిందే ఉన్నాయి. ఆ మళ్ల పక్కన ఇల్లున్న ఒక రైతు కుటుంబంతో నేను శని, ఆదివారాలు గడిపి వచ్చాను.

నేను క్యోటోలో చదువుకుంటున్నాను. మా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకు వారాంతపు హోమ్‌స్టే ఏర్పాటు చేస్తారు. ఒసాకాలో అపార్ట్‌మెంట్లకు వెళ్లే వీలు కూడా ఉంది గానీ నేను అసుకానే అడిగి తీసుకున్నాను. పొలం ఉన్న ఇంట్లో ఉండాలని కోరిక. నవంబర్ నెల, చలి మొదలైంది. క్యోటో నుంచి కింతెత్సు రైల్లో కషిహారా జింగూమాయే దాకా వెళ్లి అక్కడ యోషినో లైన్ రైలెక్కాలి. రెండు లైన్ల పట్టాల వెడల్పు వేరు, అందుకే క్యోటో రైలు అటు వెళ్లదు. మారాక రెండో స్టేషనే అసుకా.

స్టేషన్ బయట ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆయనకు డెబ్భై దాటాయి, ఆవిడ కొంచెం చిన్న. ఇక్కడ హోమ్‌స్టే ఇంటివాళ్లను ఒతోసాన్, ఒకాసాన్ అని, అంటే నాన్నగారూ, అమ్మగారూ అని పిలవడం మామూలే. కారులో కూర్చున్నాక ఒకాసాన్ అడిగిన మొదటి ప్రశ్న ఏం తింటావు, ఏం తినవు అని. రెండోది, చలికి తట్టుకోగలవా అని. నేను తెచ్చుకున్న స్వెట్టర్‌ను చేత్తో పట్టుకు చూసి, ఇది చాలదంది.

ఇల్లు పెంకుటిల్లు. గుమ్మం దగ్గర పల్లంగా ఉన్న చోట బూట్లు విడిచి, మెట్టెక్కి, లోపలి స్లిప్పర్లు వేసుకోవాలి. తతామి చాపలున్న గదిలోకి వెళ్లేటప్పుడు ఆ స్లిప్పర్లూ వదిలేయాలి. టాయిలెట్‌కు వేరే జత ఉంటుంది. ఇవన్నీ యూనివర్సిటీ వాళ్లు ముందే చెప్పి పంపినా ఒకాసాన్ ప్రతి గడప దగ్గరా ఆగి మళ్లీ చూపించింది. నాకిచ్చినది వాళ్లమ్మాయి గది. అమ్మాయి ఒసాకాలో, అబ్బాయి నగోయాలో ఉద్యోగాలు చేస్తున్నారు. బల్ల మీద ఆ అమ్మాయి స్కూలు డిక్షనరీలు ఇంకా అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం పర్సిమన్ తోటకు వెళ్లాం. నారా ప్రిఫెక్చర్ ఈ పళ్లకు పేరున్న చోటు. ఆకులు సగం రాలిపోయి, కొమ్మల నిండా నారింజ రంగు కాయలే కనిపిస్తున్నాయి. తియ్యటి రకం కాయను తొడిమ దగ్గర పొట్టిగా కత్తిరించాలి. తొడిమ ముల్లులా మిగిలితే బుట్టలో పక్క కాయకు గుచ్చుకుంటుంది. ఎండబెట్టే వగరు రకానికి మాత్రం తొడిమతోపాటు చిన్న కొమ్మ ముక్కను వదలాలి, రేపు దారం కట్టేది దానికే. ఒతోసాన్ ఒక్కసారి చేసి చూపించి కత్తెర నా చేతికిచ్చి వెళ్లిపోయారు. అది నాకు చాలా నచ్చింది. చుట్టంలా కూర్చోబెట్టి ఫొటోలు తీసి పంపిస్తారేమోనని రైల్లో ఒకటే టెన్షన్ పడ్డాను. ఇక్కడ సాయంత్రం లోపు నిండాల్సిన బుట్టలున్నాయి, వాటిలో నా వంతూ ఉంది.

రాత్రి అసుకా నాబె చేశారు. కోడి ఎముకల రసంలో పాలు కలిపి, అందులో చికెన్, క్యాబేజీ, పుట్టగొడుగులు ఉడికిస్తారు. చైనా నుంచి వచ్చిన ఒక బౌద్ధ భిక్షువు మేకపాలతో చేసుకున్న వంట నుంచి ఇది పుట్టిందని ఊళ్లో చెప్పుకుంటారు. పాలల్లో చికెన్ ఏమిటని మొదట అనుమానంగా ఉన్నా అల్లం తురుము వేసుకుని తింటే ఆ చలికి బ్రహ్మాండంగా ఉంది. తినేముందు ముగ్గురం చేతులు జోడించాం. గిన్నెలోని అన్నంలో చాప్‌స్టిక్స్ నిలబెట్టి గుచ్చకూడదని, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు ఏదీ అందించకూడదని ఒకాసాన్ చెప్పింది. మొదటిది చనిపోయినవాళ్లకు అన్నం పెట్టే పద్ధతి, రెండోది దహనం తర్వాత ఎముకలు ఏరేటప్పుడు చేసే పని. కారణం తెలిశాక ఇక మర్చిపోయే ప్రసక్తే లేదు.

భోజనమయ్యాక కొతాత్సు చుట్టూ చేరాం. పొట్టి బల్ల, దాని కింద హీటర్, పైనుంచి కాళ్లమీదుగా కప్పే మందపాటి బొంత. అక్కడ ఒతోసాన్ చెప్పిన సంగతులే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైనవి.

1962 ప్రాంతంలో ఈ ఊరి రైతొకాయన అల్లం నిల్వ చేసుకోవడానికి గొయ్యి తవ్వుతుంటే చెక్కిన రాయి బయటపడింది. పదేళ్లకు, 1972 మార్చిలో అక్కడ తవ్వకం జరిపితే రాతి గది కనిపించింది. గోడల మీద రంగు రంగుల బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు, మగవాళ్లు, పైకప్పు మీద నక్షత్రాలు. అదే తకమత్సుజుకా సమాధి. అప్పటికి ఒతోసాన్‌కు ఇరవై ఏళ్లు. ఎన్నడూ లేనంత మంది జనం ఊళ్లోకి వచ్చారట, మళ్ల గట్ల మీద కూడా నడిచారట. గదిని మూసి భద్రపరిచినా బొమ్మలకు బూజు పట్టింది. చివరికి 2007లో ఆ రాతి గదిని రాయి రాయిగా విడదీసి బయటికి తెచ్చి బొమ్మలను బాగుచేయాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. మట్టి కింద పదమూడు వందల ఏళ్లు నిలిచినవి మన చేతుల్లో ముప్ఫై ఏళ్లకే పాడయ్యాయి అన్నారు.

తర్వాత సొంత ఇంటి సంగతి చెప్పారు. షెడ్డు పునాది తవ్వబోతే ముందు అధికారులు వచ్చి నేలను పరిశీలించారు. కుండ పెంకులు దొరికాయి. పని ఆగి, ఆలస్యంగా మొదలైంది. పైకప్పు ఆకారం, రంగు కూడా చుట్టుపక్కల వాటితో కలవాలి. కొత్త ఇల్లు కట్టుకోవాలనుకునే కుర్రాళ్లు ఇదంతా ఎందుకని పక్క ఊళ్లకు పోతున్నారు. ఇప్పుడు ఊరి జనాభా ఐదు వేల దగ్గర ఉంది. కోపం రాదా అని అడిగాను. వస్తుందన్నారు. కానీ చట్టం లేకపోతే మా పొలం ఎదురుగా ఉన్న కొండ ఈపాటికి ఇళ్ల ప్లాట్లయ్యేది, అది కూడా నాకు తెలుసు అన్నారు. నా మట్టుకు నాకు, దేశమంతా గొప్పగా చెప్పుకునే నేలను కాపాడే భారం ఇంత చిన్న ఊరి మీద ఇంతగా పడటం న్యాయంగా అనిపించలేదు. వీళ్లకు ఇంకా ఎక్కువ సాయం అందాలి.

స్నానానికి అందరికంటే ముందు నన్నే పంపారు. తొట్టె బయట సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే వేడినీళ్లలో దిగాలి, ఎందుకంటే తర్వాత ఇంటిల్లిపాదీ అదే నీళ్లలో కూర్చుంటారు. బయటికి వచ్చేటప్పుడు వేడి పోకుండా మూత వేయాలి. గదిలోకి వచ్చేసరికి ఫుటాన్, అంటే నేల మీద వేసే పరుపు పరిచి, మీద అదనంగా ఇంకో దుప్పటి పెట్టి ఉంది.

ఆదివారం పొద్దున్నే ఒకాసాన్ బుత్సుదాన్, అంటే ఇంట్లోని బౌద్ధ పూజా మందిరం ముందు వేడి అన్నం, నీళ్లు పెట్టి చిన్న గంట మోగించింది. అది చనిపోయిన ఇంటి పెద్దలకు. నన్నూ కూర్చోమంది, కూర్చుని దణ్ణం పెట్టాను. తర్వాత అసుకా-దేరా గుడికి నడిచి వెళ్లాం. కొరియాలోని బెక్జె రాజ్యం 588లో పంపిన వడ్రంగులు, పెంకులు చేసేవాళ్లు ఈ గుడి కట్టడంలో పాలుపంచుకున్నారు. లోపలి కంచు బుద్ధుడు 7వ శతాబ్దం మొదట్లో పోతపోసినవాడు. 1196లో పిడుగు పడి గుడి కాలిపోయింది. అప్పుడు దెబ్బతిన్న బుద్ధుడి ముఖం మీద అతుకుల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇక్కడ ఫొటోలు తీసుకోనిస్తారు, కానీ నాకు చాలాసేపు చూస్తూ కూర్చోవాలనే అనిపించింది. ఈ బుద్ధుడు ఇక్కడికి చేరే నాటికి కృష్ణ ఒడ్డున మన అమరావతి స్తూపం ఎన్నో వందల ఏళ్ల పాతది. ఫోన్లో ఆ శిల్పాలు చూపిస్తే ఒకాసాన్ ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని చూసింది.

ఇషిబుతై దగ్గర తక్కువసేపే ఉన్నాం. సోగా నో ఉమాకో అనే శక్తిమంతుడైన మంత్రి సమాధి అని చెబుతారు. పైమట్టి పోయి బండరాళ్లే మిగిలాయి. కప్పురాళ్లలో పెద్దది సుమారు 77 టన్నులట. దాని కింద నిలబడితే ఎవరికైనా భయం వేస్తుంది.

ఇంటికొచ్చి, పర్సిమన్ ఆకుల్లో చుట్టిన చేప సుషీ తిని, వగరు కాయల పని మొదలుపెట్టాం. తోలు తీయాలి, కొమ్మ ముక్కకు దారం కట్టాలి, బూజు పట్టకుండా మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచాలి. తర్వాత చూరు కింద ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి. వారం, పది రోజులయ్యాక వేళ్లతో మెల్లగా నొక్కితే లోపల మెత్తబడుతుంది. వగరు పోయి, బాగా ఎండాక పైన తెల్లటి పొడి తేలుతుంది. అది పండులోని చక్కెరే. ఒకాసాన్ తోలు తీసే వేగం ముందు నా వేగం ఎంత! అయినా ఆఖరి దారం నాతోనే కట్టించింది.

స్టేషన్‌కు వెళ్లే దారిలో ఒతోసాన్ కోత అయిపోయిన తమ మడిని చూపించి, జూన్‌లో నాట్లు, మనుషులు చాలరు, వస్తావా అని అడిగారు. వస్తానన్నాను. ఆ నెలలో మా ల్యాబ్‌లో పని ఎక్కువ. ఏ వారాంతం ఖాళీ దొరుకుతుందో మా ప్రొఫెసర్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను.