రామములగ పువ్వు

ఆదివారం. కుండీలకి నీళ్ళు పోద్దామని మేడ మీదకి వెళ్ళి గంటసేపు అక్కడే ఉండిపోయాను. టమాటా పూసింది, పక్క కుండీలో వంగ కూడా పూసింది. రెండూ ఒకేసారి పూస్తే లెన్స్ తెచ్చుకోకుండా ఎలా ఉంటాను?

టమాటా పువ్వులో పసుప్పచ్చ కేసరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని చిన్న గోపురంలా నిలబడ్డాయి. కొసలు సన్నగా సాగి ఉన్నాయి. సూదితో విప్పితే లోపలివైపు నిలువునా చీలిక, అందులో పుప్పొడి. వంగపువ్వులో అలా కాదు. ప్రతి పరాగకోశం (పుప్పొడి సంచి) కొసనా సన్నటి రంధ్రాలు, గోటితో తడితే పొడి అక్కణ్ణుంచే రాలింది.

మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో టమాటాని వంగ, బంగాళాదుంపలతో కలిపి సొలానమ్ ప్రజాతిలోనే, అంటే ఒకే దగ్గరి చుట్టాల గుంపులోనే పెట్టాడు. ఆ మరుసటేడే ఫిలిప్ మిల్లర్ అనే ఇంకో వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని లైకోపెర్సికాన్ అని వేరు చేశాడు. ఆ తర్వాత ఆ వేరు కాపురానికి చాలామంది చూపించిన కారణం ఈ కేసరాలే. నేనూ పరీక్షల్లో లైకోపెర్సికాన్ అనే రాశాను.

1993లో స్పూనర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ఇంకో ఇద్దరు కలిసి ఆకుకి పచ్చదనం ఇచ్చే హరితరేణువుల డీఎన్ఏని ఎంజైములతో కోయించి, ఏ మొక్కలో ఎక్కడ తెగుతోందో పోల్చారు. కొత్తగా వచ్చిన ఒకే మార్పు రెండు మొక్కల్లో ఉంటే, అది ఇద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చి ఉంటుందని లెక్క. టమాటా వెళ్ళి బంగాళాదుంప పక్కన కూర్చుంది. వంగ దూరపు చుట్టం. బంగాళాదుంపని ఇంట్లో ఉంచుకుని టమాటాని బయట నిలబెట్టడం ఇక కుదరదు. ఇప్పుడు మళ్ళీ సొలానమ్ లైకోపెర్సికమ్.

అయితే హరితరేణువులు ఎక్కువగా తల్లి నుంచే వస్తాయి. అమ్మమ్మ వైపు మాత్రమే అడిగి వంశం రాసుకున్నట్టు. కేంద్రకంలోని డీఎన్ఏ కూడా చదివాకే తండ్రి వైపు సంగతి తెలుస్తుంది. 2025లో సెల్ పత్రికలో వచ్చిన పరిశోధన నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించేలా చేస్తుంది. సుమారు 90 లక్షల ఏళ్ళ కిందట దక్షిణ అమెరికాలో టమాటా పూర్వీకులకీ, ఎటుబెరోసమ్ అనే దుంపలు లేని మొక్కలకీ సంకరం జరిగింది. ఆ సంతానమే బంగాళాదుంప వంశం. దుంప కట్టడం మొదలుపెట్టించే ఎస్‌పీ6ఏ జన్యువు టమాటా వైపు నుంచి, భూమిలోపలి కాండాల ఎదుగుదలని నడిపే ఐటీ1 అవతలివైపు నుంచి. దుంపలేని ఇద్దరికి దుంప పుట్టింది!

"ఏటే, ఆ పువ్వులో ఏటుంది? రామములగలు నాలుగు కోసుకురా, చారు పెట్టాలి" అని అమ్మ కేకేసింది. మా శ్రీకాకుళం వైపు టమాటాని రామములగ అంటారు. నేలములక అనే ముళ్ళ మొక్క కూడా సొలానమే. రామములగ అని పేరు పెట్టినవాళ్ళు ఈ రెండు మొక్కల పోలిక చూసే పెట్టి ఉంటారని నా నమ్మకం.

కాయలు కోసుకొచ్చాను. పువ్వులు మాత్రం కొమ్మకే ఉంచాను. రేపు క్లాసుకి రెండు రకాలూ పట్టుకెళ్ళాలి, కాలేజీ బస్సు వచ్చే ముందు కోసి తడిగుడ్డలో చుట్టుకోవాలి.